భూకంపాన్ని కొలవడానికి జియోఫోనా, మెమ్స్ సెన్సరా? చెన్నైలో ఏది పెట్టాలి?

భూకంపాలను తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1893:2016 ప్రకారం చెన్నై మూడో భూకంప జోన్. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి దగ్గర సముద్రంలో వచ్చిన భూకంపం ఇక్కడా ఊపింది. జియోఫోన్ అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేది; మెమ్స్ అంటే చిప్పులో ఇమిడిన బుల్లి సెన్సర్. ఈ రెండు పరికరాల్లో ఏదీ రేపటి భూకంపాన్ని ముందే చెప్పదు. వచ్చినదాన్ని కొలుస్తాయి, అంతే.

ఖర్చు: మెమ్స్ చవక. జియోఫోన్‌కి సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్, దాన్ని అంకెలుగా మార్చే 24 బిట్ డిజిటైజర్ కూడా కావాలి.

పట్టు: సహజ కంపన రేటు 4.5 హెర్ట్జ్ ఉన్న జియోఫోన్ నేల కదిలే వేగాన్ని కొలుస్తుంది. చిన్న కంపనాన్నీ పడుతుంది, కానీ గట్టిగా ఊగితే గ్రాఫు కొసలు తెగిపోతాయి. మెమ్స్ త్వరణాన్ని కొలుస్తుంది. ఏడీఎక్స్ఎల్355 అనే మెమ్స్ చిప్పు అయితే 8జీ (భూమ్యాకర్షణ త్వరణానికి 8 రెట్లు) దాకా కొలవగలదు. చిన్న కంపనాలు మాత్రం దాని సొంత నాయిస్‌లో మునిగిపోతాయి.

బిగింపు: ఎక్కువ రికార్డులు పాడయ్యేది ఇక్కడే. టైలు మీద వేలితో కొట్టి చూడండి. డొల్లగా మోగితే వచ్చేది నేల కదలిక కాదు, టైలు అదురు. ఆ టైలు పీకేసి, పరికరాన్ని కాంక్రీటుకే ఎపాక్సీ జిగురుతో అతికించండి. జియోఫోన్ నిటారుగా ఉండాలి, బబుల్ లెవెల్ తప్పనిసరి. నీళ్ల మోటారు, లిఫ్టు దగ్గర రెండూ వద్దు.

టైము: భూకంపంలో అన్నిటికన్నా ముందు చేరే పి తరంగం రాతిలో సెకనుకు సుమారు 6 కి.మీ. పోతుంది. గడియారం ఒక్క సెకను తప్పినా దూరం లెక్క అంత తేడా వస్తుంది. సరైన టైము ఇచ్చే జీపీఎస్ దగ్గర పొదుపు చేయకండి.

రోడ్డుకి దూరంగా, కింది అంతస్తులో గది ఉన్న కాలేజీకి జియోఫోనే మేలు. వేళచ్చేరి లాంటి మెత్తటి నేల మీది అపార్ట్‌మెంట్ ఎంత ఊగుతుందో తెలియాలంటే మెమ్స్: ఒకటి కింద, ఒకటి మేడమీద, రెండింటికీ ఒకే టైము.