పిల్లలకు ‘మౌంటెన్ బైక్’ పేరుతో అమ్ముతున్న సైకిళ్లతో జాగ్రత్త

పిల్లలు మట్టిదారుల్లోనూ రాళ్ల బాటల్లోనూ తొక్కడానికి సైకిల్ కొనాలనుకుంటున్న తల్లిదండ్రులు ఆర్డరు పెట్టే ముందు మాకు జరిగినది ఒకసారి చదవాలని కోరుతున్నాను. ‘మౌంటెన్ బైక్’, ‘అన్ని రకాల దారులకూ అనువైనది’ అని వివరణలో రాసి, రాళ్ల మీదుగా దూసుకుపోతున్న పిల్లవాడి ఫొటో పెట్టి మాకు ఒక సైకిల్ అమ్మారు. కొద్ది వారాల మట్టిదారి వాడకానికే దాని వెనుక భాగం వదులైపోయింది. ఫిర్యాదు చేస్తే, అది చదునైన రోడ్డు మీద తప్ప మరెక్కడా తొక్కకూడని సైకిల్ అని, అందువల్ల వారంటీ వర్తించదని అదే అమ్మకందారు జవాబిచ్చారు. ఆ షరతు పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం చివరి పేజీల్లో నిజంగానే ఉంది. కొనేటప్పుడు మాకు చూపిన వివరాల్లో మాత్రం ఎక్కడా లేదు.

సైకిల్ చూడటానికి ఏ లోపమూ కనిపించదు. 20 అంగుళాల చక్రాలు, ముందూ వెనుకా కుదుపులను తగ్గించే సస్పెన్షన్, చక్రం మధ్యనున్న లోహపు పళ్లేన్ని పట్టి ఆపే రెండు డిస్క్ బ్రేకులు, 18 గేర్లు, లావుపాటి టైర్లు, ఫ్రేము మీద మంటల బొమ్మలు. ఏడేళ్ల పిల్లకు ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. అమ్మకందారు వివరణలో గేర్ల సంఖ్య రెండుచోట్ల, రంగుల పేర్లు మూడుచోట్ల ఉన్నా, బరువు ఎంతో ఒక్కచోట కూడా లేదు. ఇంట్లో ఉన్న బరువు చూసే మిషను మీద ఒకసారి సైకిల్ ఎత్తుకొని, ఒకసారి ఊరికే నిలబడి తేడా తీస్తే 14 కిలోలు తేలింది. మా అమ్మాయి బరువు 22 కిలోలు. 70 కిలోల మనిషి చేతికి 45 కిలోల సైకిల్ ఇచ్చి గుట్ట ఎక్కమన్నట్లే అయింది. ఇదే పరిమాణంలో, సస్పెన్షన్ లేకుండా అల్యూమినియం ఫ్రేముతో శ్రద్ధగా చేసిన సైకిళ్లు ఎనిమిది, తొమ్మిది కిలోలలో దొరుకుతాయి. ఆ మిగిలిన ఐదు కిలోల బరువు ఎక్కడి నుంచి వస్తుందని చూస్తే, చాలావరకు పిల్లలకు ఉపయోగపడని భాగాల్లోనే కనిపిస్తుంది.

వాటిలో మొదటిది సస్పెన్షన్. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులను తక్కువ ఖర్చుతో చేస్తే, వాటిలో ఉండే ఉక్కు స్ప్రింగు పిల్లల బరువుకు దాదాపు లొంగదు. సరైన ఫోర్కు అయితే, పిల్ల సీటు మీద మామూలుగా కూర్చున్నప్పుడే తన మొత్తం కదలికలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు కిందికి దిగాలి. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. ఫోర్కులో పైన మెరుస్తూ కనిపించే గొట్టానికి సన్నని ప్లాస్టిక్ టై బిగించి, రబ్బరు సీలుకు ఆనేదాకా కిందికి జరిపి, పిల్లను మెల్లగా కూర్చోబెట్టి దింపితే, ఫోర్కు ఎంత దిగితే టై అంత పైకి జరుగుతుంది. మా సైకిల్‌కు కట్టిన టై వెంట్రుకవాసి కూడా కదలలేదు. అంటే ముందున్నది షాక్ అబ్జార్బర్ రూపంలో ఉన్న బరువైన ఇనుప గొట్టం మాత్రమే. వెనుక సస్పెన్షన్ ఇంకా అన్యాయం. వెనుక ఫ్రేము ఊగే కీలులో ఉండాల్సిన బేరింగులకు బదులు ప్లాస్టిక్ బుష్‌లు వేశారు. అవి అరిగాక, సీటు ఒక చేత్తోనూ వెనుక చక్రం మరో చేత్తోనూ పట్టుకొని పక్కలకు లాగితే చక్రం వేలెడంత ఊగడం మొదలైంది. బోల్టు ఎంత బిగించినా ఆ ఊగు పోలేదు. పిల్లల బరువుకు తగినట్లు గాలి ఒత్తిడి మార్చుకోగల ఫోర్కులు ఉన్నాయి గాని అవి ఖరీదైనవి. ఆ స్థాయికి వెళ్లలేనప్పుడు ఏ సస్పెన్షనూ లేని సైకిలే మేలని నా అభిప్రాయం. రెండు అంగుళాలకు తగ్గని వెడల్పున్న టైర్లలో, అంచు మీద ముద్రించిన హద్దులకు లోబడి గాలి కాస్త తక్కువగా ఉంచితే, చిన్నపాటి కుదుపులను ఆ టైర్లే మింగేస్తాయి.

ఇక బ్రేకుల సంగతి మరింత ముఖ్యమైనది, ఎందుకంటే మా అమ్మాయి పడిపోయింది దానివల్లనే. డిస్క్ అన్న మాట వినగానే బలమైన బ్రేకు అనుకుంటాం గాని, నాసిరకం కేబుల్‌తో లాగే డిస్క్ బ్రేకు చిన్న చేతులకు చాలా బిగువుగా ఉంటుంది. మా సైకిల్ బ్రేకు లీవరు హ్యాండిల్‌కు ఎంత దూరంగా ఉందంటే, దాన్ని అందుకోవడానికి పాప అరచేతిని పట్టు మీద నుంచి ముందుకు జరిపి, నాలుగు వేళ్లూ చాచి లాగాల్సివచ్చేది. దిగుడు దారిలో, ముందు చక్రం రాళ్ల మీద ఎగురుతున్నప్పుడు, హ్యాండిల్ మీద పట్టు వదిలితే తప్ప బ్రేకు అందని పరిస్థితి అది. కాళ్లు నేలకు ఆనించి ఆపబోయి పక్కకు ఒరిగిపోయింది. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. పిల్లల కోసం చేసిన లీవర్లకు, అవి హ్యాండిల్‌ను కలిసేచోట, దూరాన్ని తగ్గించే చిన్న స్క్రూ సాధారణంగా ఉంటుంది. మా దానికి ఆ స్క్రూ ఉండాల్సిన చోట ఖాళీ ప్లాస్టిక్ మూత ఉంది. కొనే ముందే పిల్లను సీటు మీద కూర్చోబెట్టి, అరచేయి కదపకుండా రెండు వేళ్లతో లీవరును లాగి చక్రాన్ని పూర్తిగా ఆపగలదో లేదో చూడండి. చక్రపు అంచును పట్టి ఆపే మామూలు రిమ్ బ్రేకు, బాగా అమర్చితే, తడిలోనూ బురదలోనూ కొంత వెనకబడినా, అందని డిస్క్ బ్రేకు కంటే ఎన్నో రెట్లు నయం.

గేర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముందు మూడు, వెనుక ఆరు పళ్లచక్రాలు కలిపి 18 అంటారు, కాని వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. ముందు ఒక్కటే ఉండి, వెనుక పెద్ద పళ్లచక్రం ఉన్న సైకిల్ పిల్లలకు సులువు.

అమ్మకందారు తన వివరణలో ‘ఐఎస్‌ఓ 4210 ప్రకారం పరీక్షించినది’ అని కూడా రాశారు (అది సైకిళ్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం). ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, మోసం ఉన్నదల్లా అది ఏ తరగతి కింద పరీక్షించినదో చెప్పకపోవడంలోనే. ఆ ప్రమాణంలో మౌంటెన్ సైకిల్ ఒక తరగతి. సీటు గరిష్ఠ ఎత్తు 635 మిల్లీమీటర్ల నుంచి 750 మిల్లీమీటర్ల లోపు ఉండి, 40 కిలోల లోపు బరువున్నవారు రోడ్ల మీద తొక్కడానికి ఉద్దేశించిన ‘యంగ్ అడల్ట్’ సైకిల్ వేరే తరగతి. రెండింటికీ ప్రమాణం సంఖ్య ఒకటే గనుక, రెండో తరగతి సైకిల్‌కు మొదటి దాని వేషం వేసి అమ్మడం కష్టమేమీ కాదు. పైన పటారం, లోన లొటారం. కొన్ని సైకిళ్ల ఫ్రేము మీద వాడకం తరగతిని అంకెతో సూచించే చిన్న స్టిక్కరు కూడా ఉంటుంది. ఏఎస్‌టీఎం (అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ) ఎఫ్2043 పద్ధతిలో 1 అంటే చదునైన రోడ్డు, 2 అంటే కంకర దారులు, చిన్నపాటి ఎత్తుపల్లాలు, 3 అంటే కఠినమైన కాలిబాటలు. సైకిల్‌ను తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు దగ్గర ఫ్రేము అడుగున చూడండి. ‘ఆఫ్‌రోడ్ వాడకానికి కాదు’ అన్న హెచ్చరిక మా సైకిల్‌కు అక్కడే, నల్లటి ఫ్రేము మీద ముదురు బూడిద రంగులో అతికించి ఉంది.

బిగింపు విషయంలోనూ ఒక మాట. ‘85 శాతం బిగించి పంపుతాం’ అని చెప్పే సైకిళ్లలో మిగిలిన 15 శాతంలోనే హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు ఉంటాయి, అంటే ఊడితే దెబ్బ తగిలేవన్నీ ఉంటాయి. ఎడమ పెడల్ మర కుడి పెడల్‌కు వ్యతిరేకంగా తిరుగుతుంది. మాకు సైకిల్ బిగించడానికి అమ్మకందారు పంపిన వ్యక్తి రెండింటినీ ఒకే వైపు తిప్పబోయి, ఎడమ పెడల్ బిగించే కడ్డీ (క్రాంకు)లోని మెత్తటి లోహపు మరలను స్పానరుతో కోసేశాడు. పెడల్ వంకరగా నిలబడటం చూసి అడిగితే, తొక్కుతుంటే అదే సర్దుకుంటుందన్నాడు. కోసుకుపోయిన మర సర్దుకోదు, ఏదో ఒకరోజు పెడల్ ఊడి వస్తుంది. మేము క్రాంకు మార్పించుకోవాల్సివచ్చింది, అదీ మా ఖర్చుతోనే. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం కూడా పెట్టెలో వచ్చే సైకిళ్లలో తరచుగా కనిపించే పొరపాటు. సీటు మీద కూర్చున్నవారికి ముందు చక్రపు డిస్కు ఎడమవైపు ఉండాలి, కుడివైపు కనిపిస్తే ఫోర్కు తిరగబడినట్లే.

మా ఫిర్యాదుకు ఇప్పటివరకు వచ్చిన పరిష్కారం తదుపరి కొనుగోలులో కొంత తగ్గింపు మాత్రమే, దాన్ని మేము అంగీకరించలేదు. కొనుగోలు సమయంలో చూపిన వివరణ పేజీని ఫొటో తీసి ఉంచుకోవడం వల్లనే ఇప్పటికీ వాదించగలుగుతున్నాం. ఎందుకంటే ఫిర్యాదు చేరిన తరువాత ఆ పేజీలో ‘అన్ని రకాల దారులకూ’ అన్న మాట మాయమైంది. కాబట్టి ఏ అమ్మకందారు దగ్గర కొన్నా, పెడళ్లతో కలిపి సైకిల్ బరువు ఎన్ని కిలోలు, ఏ ప్రమాణంలో ఏ తరగతి, మట్టిదారి వాడకానికి వారంటీ ఉందా లేదా అన్న మూడు ప్రశ్నలను రాతపూర్వకంగా అడిగి, జవాబు రాతలో వచ్చేదాకా డబ్బు కట్టకండి. వాపసు గడువు దాటేదాకా పెట్టెనూ లోపలి అట్టలనూ పారవేయకండి. మా మొదటి వాపసు అభ్యర్థనను పెట్టె లేదన్న కారణంతోనే తిరస్కరించారు.