టీనేజ్ పిల్లల తాగుడు మీద పేరెంట్స్‌కి ఆన్‌లైన్ క్లాస్, నా రివ్యూ

మా వాడికి 16. వాడి బ్యాగులో బీరు సీసా మూత దొరికిన రాత్రే ఈ రెండు గంటల క్లాసుకి రిజిస్టర్ అయిపోయా. మొదటి అరగంట సుత్తే, స్లైడ్ చూసి చదవడం, ఆడియో కూడా రెండుసార్లు పోయింది.

తర్వాత కౌన్సెలర్ గారు అసలు విషయంలోకొచ్చారు. "మన ముందే కొంచెం తాగనిస్తే బయట తాగడులే" అని మా ఆయన అంటుంటారు, అది రివర్స్ అంట, ఇంట్లో పెద్దవాళ్లే పోసిచ్చిన పిల్లలు తర్వాత ఎక్కువ తాగే ఛాన్సుందని స్టడీస్‌లో తేలిందంట, పైగా 15 లోపే మొదలెడితే పెద్దయ్యాక బానిసయ్యే రిస్క్ ఎక్కువ, మెదడేమో దాదాపు 25 దాకా ఎదుగుతూనే ఉంటుంది. "అబ్బా టెన్షన్, ఒక పెగ్గు పడాలి" అని పిల్లల ముందు అనడం కూడా వాళ్లకి పాఠమేనంట, అక్కడ మా ఆయన మెల్లగా కెమెరా ఆఫ్ చేశారు.

బాగా నచ్చింది రోల్‌ప్లే. "తాగినా సరే, బండెక్కకు, ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తా, మాటలు రేపు మాట్లాడుకుందాం" అని అరవకుండా చెప్పాలి, నాకు మూడోసారికి గానీ రాలేదు. 5కి 4 ఇస్తా, ఆ ఒకటి ఆడియోకి కట్. మూత సంగతి వాడితో ఇంకా మాట్లాడలేదు, ఆదివారం అనుకుంటున్నా.