కారవాన్‌తో సూర్యలంకకి: రాత్రికి చేరాలా, పొద్దున్నే చేరాలా, మధ్యాహ్నమా?

శుక్రవారం ఆఫీసు అవగానే విజయవాడలో కారవాన్ (లోపలే పడుకోవడానికి ఇల్లులా కట్టిన బండి) ఎక్కితే రాత్రి పదింటికి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో ఉంటాం. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఏడింటికి చేరతాం. ఇంట్లోనే పెందలాడే భోంచేసి పన్నెండింటికి కదిలితే మూడింటికి. ఈ మూడింట్లో ఏది మేలని మా ఇంట్లో ప్రతిసారీ వాదనే. మూడు రకాలుగానూ వెళ్లి చూశాం కాబట్టి ఇప్పుడు నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

కారులో వెళ్లేవాళ్లకి ఈ ప్రశ్న రాదు. రిసార్టు ముందు ఆపి, తాళం తీసుకుని గదిలోకి వెళ్లిపోతారు. కారవాన్‌కి ఆపిన చోటే ఇల్లు. నేల గట్టిదో కాదో చూడాలి. పైన కొమ్మలు, కరెంటు తీగలు చూడాలి. బండి ఒక పక్కకి ఒరగకుండా నిలబెట్టి టైర్ల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. కరెంటు లాగాలి, నీళ్లు పట్టాలి, గిన్నెలు కడిగిన నీళ్లు ఎక్కడ వదలాలో అడగాలి. చెయ్యి తిరిగినవాళ్లకే ముప్పావు గంట పని. మేం అద్దెకు తీసుకునేది ట్రావెలర్ వ్యాన్ మీద కట్టిన బండి, ఎత్తు దాదాపు 10 అడుగులు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే రకం మన రోడ్ల మీద అరుదు. దాన్ని వెనక్కి పెట్టడం ఇంకా కష్టం, స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది.

రాత్రి ప్రయాణం మీద ఆశ ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. ఒక రోజు కలిసొస్తుంది, పొద్దున కళ్లు తెరిస్తే ఎదురుగా సముద్రం. ఒక డిసెంబరులో ఆ ఆశతోనే బయలుదేరాం. కృష్ణ మీది వారధి దాటడానికే ముప్పావు గంట పట్టింది. కాజ టోల్ దాటి గుంటూరు చేరేసరికి ఎనిమిది. అసలు కష్టం అక్కడి నుంచే. నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల దాకా సుమారు 50 కిలోమీటర్లు, దారంతా ఊళ్ల మధ్యగానే వెళ్తుంది. అది డెల్టాలో వరికోతల కాలం. రోడ్డు అంచున వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్లు గడ్డి వేసుకుని ముందు వెళ్తుంటాయి. రైతుని తప్పు పట్టను, వడ్లు ఆరబెట్టుకోవడానికి ఆయనకి వేరే చోటేదీ? కానీ ఆ చీకట్లో అంత పెద్ద బండిని పక్కకి తియ్యాలంటే నాకు చేతులు చెమటలు పట్టాయి.

చేరేసరికి పదిన్నర. మా బావ దిగి వెనక నిలబడి "రానీ, రానీ" అంటున్నాడు. అద్దంలో సెల్‌ఫోన్ లైటు తప్ప మనిషి కనిపించడం లేదు. మాకిచ్చిన చోటు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ ఇసుక మొదలవుతుందో ఇద్దరికీ తెలియలేదు. వెనక టైరు దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోయింది. వాచ్‌మన్ పెద్దాయన పరుగెత్తుకొచ్చి, "బాబూ, ఇక తొక్కమాకండి. పొద్దున్నే ట్రాక్టర్ని పిలుద్దాం" అన్నాడు. ఒరిగిన బండిలోనే, తల కిందికి కాళ్లు పైకి అయ్యేలా పడుకున్నాం. మా అత్తయ్యకి తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున లేచి చూస్తే పది అడుగుల అవతలే చదునైన గట్టి నేల ఉంది. వెలుగుంటే రెండు నిమిషాల్లో అక్కడ పెట్టుకునేవాళ్లం.

ఇది ఇసుకతోనే వచ్చే ఇబ్బంది కాదు. అమరావతి వైపు పొలాల పక్కన దిగినా నేలని వెలుగులోనే చూడాలి. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. పైన ఎండినట్టు కనిపించి లోపల మెత్తగా ఉండే చోటు టార్చి లైటుకి దొరకదు.

అయినా ఒక్కోసారి ఆలస్యం తప్పదు. అప్పుడు మాకిచ్చిన చోటికి వెళ్లే పని పెట్టుకోం. గేటు దగ్గర గట్టి నేల మీద ఆపుకోవడానికి ఒప్పుకుంటారేమో ఫోన్‌లో ముందే అడుగుతాం. బ్యాటరీ మీద ఫ్యానూ లైటూ వేసుకుని పడుకుంటాం. జనరేటర్ వెయ్యం, పక్కవాళ్లు నిద్రపోతుంటారు. మిగతా పనంతా పొద్దున్నే.

తెల్లవారి చేరడం మా అత్తయ్యకి చాలా ఇష్టం. రోడ్డు ఖాళీగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఏడింటి వెలుగులో నేల స్పష్టంగా కనిపిస్తుంది. రసమట్టం పెట్టి బండి ఒరిగిందో లేదో తీరిగ్గా చూసుకోవచ్చు. రసమట్టం లేకపోతే పళ్లెంలో నీళ్లు పోసినా తెలుస్తుంది. ఆ వేళకి జాలర్లు అలివి వల (ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వల) లాగుతుంటే పిల్లలకి చూపించవచ్చు. బండి మాత్రం వాళ్ల పడవలకి, తాళ్లకి అడ్డం రాకూడదు. అది వాళ్ల బతుకుదెరువు, మనం ఒక్కరోజు చుట్టాలం.

కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. ముందు రోజు దిగినవాళ్లు పది, పదకొండింటికి గానీ ఖాళీ చెయ్యరు. ఏడింటికి వెళ్లి మూడు నాలుగు గంటలు పక్కన కాచుకోవాలి. రెండోది ఇంకా పెద్దది. మూడున్నరకి లేవాలంటే డ్రైవరుకి సరిగ్గా నిద్ర ఉండదు, తెల్లవారుజామున కునుకు పట్టే వేళ కూడా అదే. డిసెంబరు, జనవరిలో పైగా మంచు. ముందు రోజు తొమ్మిదింటికి పడుకున్న మనిషి స్టీరింగ్ పడితేనే నేను దీనికి సరే అంటాను.

మధ్యాహ్నం మూడింటికి చేరడంలో అంతగా చెప్పుకోడానికేం లేదు, అదే దాని మంచి. చోటు ఖాళీగా ఉంటుంది, అడిగితే చెప్పే మనుషులుంటారు, చీకటి పడేలోగా సర్దుకోవడం అయిపోతుంది. డిసెంబరులో 5:40కల్లా సూర్యుడు దిగిపోతాడు. మూడింటికి చేరితే రెండున్నర గంటలు చేతిలో ఉన్నట్టే.

దీని ఇబ్బంది ఎండాకాలంలో తెలుస్తుంది. మే నెల ఎండలో మూడు గంటలు నడిచిన బండి పైకప్పు పెనంలా కాలుతుంది. ఆగగానే ఏసీ కావాలి. ఒకటిన్నర టన్నుల ఏసీకి 1,500 నుంచి 2,000 వాట్లు కావాలి. గోడకున్న మామూలు 5 యాంప్స్ ప్లగ్గు దానికి చాలదు, పవర్ ప్లగ్గే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలాగే ఉంచి ఏసీ వేస్తే చుట్ట వేడెక్కి కాలుతుంది, పూర్తిగా విప్పి పరవాలి.

అందుకే మా లెక్క ఇలా కుదిరింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నమే మేలు. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారి చేరడమే మేలు, పొద్దున్నే చోటు ఇస్తామని ముందే మాటిచ్చిన దగ్గరికే వెళ్తాం. రాత్రి మాత్రం ఏ కాలంలోనూ వద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణ శాఖ కబురు చూడకుండా కదలం. కార్తీక పౌర్ణమికి అసలే వెళ్లం, సముద్ర స్నానానికి వచ్చే జనంలో అంత బండి తిప్పడానికి చోటుండదు.

ఈసారి సంక్రాంతి అయ్యాక వెళ్తున్నాం. పప్పు, పులిహోర ఇంట్లోనే తిని, పన్నెండింటికి పటమట నుంచి బయలుదేరతాం.