చదువు వెనుక కారణాన్ని పట్టే 28 వాక్యాలు: అకడమిక్ మోటివేషన్ స్కేల్ రివ్యూ

‘కాలేజీకి ఎందుకు వెళ్తున్నారు?’ అనే ఒక్క ప్రశ్నకు 28 జవాబులిచ్చి, ఒక్కొక్కటీ తనకెంత వర్తిస్తుందో 1 నుంచి 7 వరకు గుర్తించమంటుంది ఈ ప్రశ్నావళి. ఇంగ్లిష్ రూపం 1992లో వచ్చింది.

నాలుగేసి వాక్యాల చొప్పున 7 విభాగాలు. మూడు లోపలి ఆసక్తికి, మూడు బయటి కారణాలకు, ఒకటి ‘ఎందుకు చదువుతున్నానో తెలియదు’ అనే స్థితికి. దీని అసలు విలువ బయటి కారణాలను విడదీయడంలో ఉంది. భవిష్యత్తుకు పనికొస్తుందని తానే నమ్మి చదివేవాళ్లు, ఫెయిలైతే పరువు పోతుందని చదివేవాళ్లు పైకి ఒకేలా కష్టపడతారు. కానీ వాళ్లకు కావలసిన సాయం ఒకటి కాదు. మార్కుల జాబితా ఈ తేడాను ఎప్పటికీ చూపదు.

చాలామంది 28 అంకెలనూ కూడేస్తారు. అది తప్పు. చివరి విభాగం మిగతావాటికి ఎదురు దిశలో నడుస్తుంది కాబట్టి మొత్తానికి అర్థం ఉండదు. విభాగాల వారీగా నాలుగు అంకెల సగటు తీసి, ఏడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. పేర్లు రాయించకండి, మార్కులు వేసే ఉపాధ్యాయుడే కాగితాలు తీసుకుంటే నచ్చే జవాబులే వస్తాయి. పక్కపక్క విభాగాలు కొంత కలిసిపోవడం దీని లోపం, చిన్న తేడాలకు అర్థాలు వెతకొద్దు.

ఉద్యోగులకు ఇది పనికిరాదు. వాళ్లకు లోపలి, బయటి కారణాలను ఇలాగే విడదీసి చూసే 18 వాక్యాల వేరే ప్రశ్నావళి ఉంది.