పెంటాక్స్ కె1000: నేర్చుకునేవారి చేతిలో పాత ఫిల్మ్ కెమెరా

ఫిల్మ్ కెమెరాతో ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునే యువతకు అందరికంటే ముందు వినిపించే పేరు పెంటాక్స్ కె1000. 1976లో విడుదలైన ఈ కెమెరాను పెద్ద మార్పులేవీ లేకుండానే 1997 వరకు తయారు చేశారు. 30 లక్షలకు పైగా తయారైన మోడల్ కాబట్టి పాతవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. విద్యార్థుల కెమెరాగా దీనికి వచ్చిన పేరు చాలావరకు న్యాయమైనదే. అయితే ఆ పేరును చూసి దీని లోపాలను కూడా సుగుణాలుగా చెప్పే అలవాటు ఒకటి ప్రబలింది. దానితో నేను ఏకీభవించలేను.

ముందుగా దీనిలోని మంచిని చెప్పాలి. ఫిల్మ్ మీదికి వెలుతురును వదిలే తెర, అంటే షట్టర్, ఒక సెకను నుంచి 1/1000 సెకను వరకు పూర్తిగా యంత్రబలంతోనే పనిచేస్తుంది. చిన్న బటన్ సెల్ ఉన్నది వెలుతురును కొలిచే లైట్ మీటర్ కోసమే. సెల్ అయిపోయినా ఫొటో తీయడం ఆగదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కుడి అంచున ఒక ముల్లు కనిపిస్తుంది. వెలుతురు ఎక్కువైతే అది పైకి లేస్తుంది, తక్కువైతే కిందికి వాలుతుంది, సరిపోతే మధ్యలో నిలుస్తుంది. 1/125 సెకను షట్టర్ వేగం, ఎఫ్/8 అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) వద్ద ముల్లు మధ్యలో ఉందనుకుందాం. వేగాన్ని 1/250కి పెంచితే ముల్లు కిందికి జారుతుంది. అపర్చర్ రింగును ఎఫ్/5.6కు తిప్పితే మళ్లీ మధ్యకు చేరుతుంది. ఈ రెండింటి లంకె ఎన్ని పాఠాలు చదివినా బుర్రకెక్కనివారికి కూడా ఆ ముల్లు కదలిక చూస్తూ రింగు తిప్పితే తేలికగా అర్థమవుతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ముఖాన్ని తీసేటప్పుడు ముల్లు మాటను యథాతథంగా నమ్మితే ముఖం నల్లబడుతుంది. మీటర్‌ను ఎప్పుడు వినాలో, ఎప్పుడు కాదనాలో తేల్చుకోవలసింది మనమే.

ఇక లోపాలు. షట్టర్ వేగం ఎంత, అపర్చర్ ఎంత అన్నది వ్యూఫైండర్‌లో కనిపించదు. ప్రతిసారీ కంటి నుంచి కెమెరా దించి చూసుకోవాలి. ఇది క్రమశిక్షణ నేర్పుతుందని కొందరంటారు కానీ, కదిలే మనుషులను తీసేటప్పుడు ఇది క్షణాలను పోగొట్టుకోవడమే తప్ప మరొకటి కాదు. అదే సంస్థ 1976లోనే తెచ్చిన ఎంఎక్స్ కూడా యంత్రబలంతో నడిచేదే అయినా, ఈ రెండు వివరాలనూ వ్యూఫైండర్‌లోనే చూపుతుంది. ఫొటోలో ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు స్పష్టంగా వస్తుందో ముందుగా చూసుకునే మీట కె1000లో లేదు. నేర్చుకునేవారికి అన్నిటికంటే అవసరమైనది అదే. సెల్ఫ్ టైమర్ లేకపోవడం అంత పెద్ద లోటు కాదు. మీటర్‌కు ఆన్, ఆఫ్ బటన్ లేదు కాబట్టి, లెన్స్‌కు మూత పెట్టకుండా వదిలేస్తే సెల్ ఊరికే ఖర్చవుతుంది.

కెమెరా కొనేముందు వెనుక తలుపు తెరిచి దాని అంచుల గాడిలో ఉండే నల్లటి స్పాంజిని వేలితో తాకి చూడాలి. అది తారులా అంటుకుంటే మార్పించక తప్పదు. లేకపోతే వెలుతురు లోపలికి దూరి ఫొటోల మీద చారలు పడతాయి. ఒక సెకను వేగంలో షట్టర్ నొక్కి చెవి పెట్టి వినాలి. మధ్యలో పట్టేస్తే సర్వీసింగ్ అవసరమని అర్థం. ఫిల్మ్ ఎక్కించి తలుపు మూశాక, ఎడమవైపు రీవైండ్ పిడితో వదులును సరిచేసి, ఆపైన ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ తిప్పుతూ ఆ పిడిని గమనించాలి. పిడి తిరగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదన్నమాట. అది చూసుకోనివారు 36 ఫొటోలు తీశామనుకుని ఖాళీ రీలు కడిగిస్తారు.

కెమెరా ఎంత మంచిదైనా, నేర్చుకోవడం సగం ల్యాబ్‌లో పోతోందన్నది నా అసలు ఫిర్యాదు. కలర్ నెగెటివ్ ఫిల్మ్ వెలుతురు ఎక్కువైనా చాలావరకు ఓర్చుకుంటుంది. ఆ మిగిలిన తేడాను స్కానింగ్ సమయంలో సరిచేసి అందంగా పంపిస్తారు. ఫోన్‌కు వచ్చిన ఆ స్కాన్లను చూసి, నిర్ణయాలన్నీ సరిగానే తీసుకున్నామని విద్యార్థి భ్రమపడతాడు. అందుకే మొదటి రీళ్లు బ్లాక్ అండ్ వైట్‌లో, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ వంటి 400 ఐఎస్ఓ (వెలుతురుకు ఫిల్మ్ స్పందించే స్థాయి) ఫిల్మ్‌తో తీయడం మేలు. కడిగిన నెగెటివ్‌లను (వెలుగు నల్లగా, నీడ తేటగా కనిపించే ఫిల్మ్‌ను) తప్పక వెనక్కి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. నీడలు ఉండవలసిన చోట వివరమే లేకుండా గాజులా తేటగా ఉంటే వెలుతురు చాలలేదు. ఆకాశం ఉన్న చోట దట్టంగా నల్లబడి మేఘాల ఆకారాలు కూడా కనిపించకపోతే మరీ ఎక్కువైంది. ప్రతి ఫొటోకు వాడిన వేగాన్నీ, అపర్చర్‌నూ చిన్న పుస్తకంలో రాసుకుంటే తప్ప ఈ పరిశీలన ఫలించదు, ఎందుకంటే ఈ కెమెరా ఆ వివరాలను ఎక్కడా నమోదు చేయదు.

లెన్స్ విషయంలో 50 మిల్లీమీటర్ల ఎఫ్/2 ఒక్కటి చాలు. కె1000కు లెన్స్ బిగించే అమరికైన కె-మౌంట్‌కు సరిపోయే లెన్సులు నేటి పెంటాక్స్ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు కూడా బిగుస్తాయి కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు. అయితే అపర్చర్ రింగు లేని కొత్త లెన్సును కె1000కు బిగిస్తే అపర్చర్‌ను మార్చుకునే వీలుండదు. రెండో లెన్స్ కొనేటప్పుడు ముందుగా ఆ రింగు ఉందో లేదో చూసుకోవాలి. ఎంఎక్స్ మంచి స్థితిలో దొరికితే మాత్రం నేను దానికే ఓటు వేస్తాను.