తాతగారి షెవర్లేలో 160 బాడ్ కంప్యూటర్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆవకాయ, వేరుశనగ పొడి పెట్టెల్లో అమెరికా వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. 2018లో మాత్రం ఆ పెట్టె తిరిగి వస్తూ గ్రీజు వాసన వేసింది. అందులో జనరల్ మోటార్స్ పాత ట్రక్కుల త్రాటిల్ బాడీ (కార్బ్యురేటర్ స్థానంలో కూర్చుని ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే భాగం), దాన్ని నడిపే 1227747 నంబరు కంప్యూటర్, మూరల కొద్దీ వైర్లు ఉన్నాయి. మా బావగారు అక్కడి తుక్కు కార్ల దొడ్డిలో స్వయంగా విప్పి తెచ్చారు. 1987 నుంచి కొన్నేళ్లపాటు ఆ కంపెనీ పికప్ ట్రక్కుల్లో తిరిగిన సరుకు ఇది. 2019లో దీన్ని అనంతపురంలోని మా షెవర్లేకు బిగించాను. అప్పటినుంచి పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాక రాస్తున్న మాటలివి.

ముందు కారు సంగతి. షెవర్లేలు చేసే జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివడీలో కార్ల బిగింపు కర్మాగారం తెరిచింది. మా తాతగారు నూనె మిల్లు రోజుల్లో కొన్న ఈ కారు 1951 నాటిది. ఇంజను 216 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు మూడున్నర లీటర్లు. వరసగా ఆరు సిలిండర్లు, 92 హార్స్‌పవర్. పైన ఒంటి గొంతు రోచెస్టర్ కార్బ్యురేటర్. చలికాలంలో బంగారం లాంటి బండి. మేలో మాత్రం టవర్ క్లాక్ దగ్గర టీ తాగడానికి ఆపితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, మళ్లీ స్టార్ట్ కావడానికి ముప్పావుగంట పట్టేది. ఈ పనికి నన్ను దింపింది ఆ ముప్పావుగంటే. మైలేజీ కోసమో వేగం కోసమో ఎవరైనా దీని జోలికి వెళ్లాలనుకుంటే వద్దంటాను.

బిగింపు గురించి క్లుప్తంగా చెబుతాను. 6 వోల్టుల కరెంటును 12కు మార్చాలి. ఒంటి గొంతు మీద జంట గొంతుల త్రాటిల్ బాడీ కూర్చోవడానికి గుత్తి రోడ్డులోని లేతు షాపులో అడాప్టర్ ప్లేటు చేయించాను. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ కోసం సైలెన్సర్ పైపుకు మర కొట్టించాను. స్పార్కు జోలికి పోలేదు, కంప్యూటర్ పెట్రోలు మాత్రమే చూసుకుంటుంది. ఇంజను వేగం దానికి స్పార్కు కాయిల్ నెగటివ్ తీగ నుంచి తెలుస్తుంది. కాయిల్ కరెంటును తెంపి కలిపే పాత పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ పికప్ పెట్టేదాకా ఆ సంకేతంలో చెత్త తగ్గలేదు. స్పార్కు తీగ లేదని కోడ్ 42, స్పీడు సెన్సర్ లేదని కోడ్ 24 చెక్ ఇంజను దీపంలో మెరుస్తూనే ఉండేవి. రెండింటినీ కంప్యూటర్ లెక్కలుండే చిప్పులోనే ఆపేయవచ్చు.

నేను చేసిన మొదటి తప్పు త్రాటిల్ బాడీ ఎంపికలో జరిగింది. బావగారు మొదట తెచ్చింది 4.3 లీటర్ల వీ6 ఇంజనుది. 150 హార్స్‌పవర్ దాటిన ఇంజనుకు చాలే ఇంజెక్టర్లు 92 ఉన్నదానికి పెడితే ఐడ్లింగ్‌లో అవి తెరుచుకునే వ్యవధి మరీ చిన్నదైపోతుంది. అంత చిన్న వ్యవధిలో ఇంజెక్టర్ ఒకసారి చిమ్మినంత మరోసారి చిమ్మదు. బండి ఆగిన చోటే ఊగేది. రెండోసారి 2.8 లీటర్లది తెప్పించుకున్నాక గాని ఆ ఊగిసలాట తగ్గలేదు. వీటికి కావలసిన పెట్రోలు ఒత్తిడి 9 నుంచి 13 పీఎస్ఐ మాత్రమే. మన దగ్గర సులభంగా దొరికే, ఇప్పటి కార్ల ఎంపీఎఫ్ఐ (సిలిండరుకో ఇంజెక్టర్ ఉండే పద్ధతి) పంపులు 40 దాటి తోస్తాయి. మిగులు వెనక్కి పోయే గొట్టం సన్నగా ఉంటే ఒత్తిడి పెరిగి లెక్కలన్నీ తప్పుతాయి.

ఇక ట్యూనింగ్. లెక్కలన్నీ 2732ఎ అనే 4 కిలోబైట్ల చిప్పులో ఉంటాయి. దాని నడుమ చిన్న గాజు కిటికీ. పాత రాత చెరగాలంటే ఆ కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడాలి. చిప్పు తయారీదారుల పత్రంలో ఒక వాక్యం నన్ను ఊరించింది: నేరుగా ఎండలో పెడితే వారం రోజుల్లో చెరిగిపోతుందట. అనంతపురంలో ఎండకు కరువా! మే నెలలో మిద్దె మీద, మా అమ్మ వడియాల పక్కన రెండు చిప్పులు ఆరబెట్టాను. ఎనిమిదో రోజుకు ఒకటి పూర్తిగా ఖాళీ అయింది, ప్రతి బైటూ ఎఫ్‌ఎఫ్, అంటే రాత లేదని గుర్తు. రెండోదానిలో ఇంకా పాత జ్ఞాపకాలు మిగిలాయి. వడియాలు మాత్రం రెండో రోజే సిద్ధం. తర్వాత దీపం డబ్బా కొన్నాను, అందులో ఇరవై నిమిషాల పని. అయినా అసలు చిక్కు రాయడంలో ఉంది. 2732ఎకు 21 వోల్టులు కావాలి, చవక ప్రోగ్రామర్లు అంత ఇవ్వలేవు. చివరికి 28 కాళ్ల 27ఎస్‌ఎఫ్512 చిప్పు, దానికో అడాప్టర్ పెట్టుకున్నాను. కిటికీ లేదు, కరెంటుతోనే క్షణాల్లో చెరుగుతుంది. నా అడాప్టర్‌తో లెక్కలను 64 కిలోబైట్లలో చివరి 4 కిలోబైట్లలోనే రాయాలి. చిప్పు ముందు భాగంలో రాస్తే ఇంజను కిక్కురుమనదు, దీపంలో కోడ్ 51 పలుకుతుంది. ఈ చిప్పుల తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్తవని అమ్మేవాటిలో వాడి కడిగినవే ఎక్కువ. నేను తెప్పించిన పదింట్లో మూడు రాత పట్టలేదు.

సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌ప్రో. ఉచితంగా వాడుకోవచ్చు, విండోస్ ల్యాప్‌టాప్ చాలు. రాత తప్పిందో లేదో చూసుకునే మొత్తం అంకెను, అంటే చెక్‌సమ్‌ను, అదే సరిచేస్తుంది. ఆరేళ్లలో నన్ను ఇబ్బంది పెట్టనిది ఈ మొత్తంలో ఇదొక్కటే.

కంప్యూటర్ మాటలు వినడం మరో కథ. ఇది సెకనుకు 160 బిట్ల చొప్పున (పైన చెప్పిన 160 బాడ్ ఇదే), అంటే మా తాతగారి కాలపు టెలిగ్రాఫ్‌కు దూరపు చుట్టంలా మాట్లాడుతుంది. ఒక్క విడత రీడింగులు పూర్తిగా రావడానికి సెకను దాటుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను ఒక్క క్షణం తడబడితే, ఆ తడబాటు రికార్డులో ఉండదు. దానికోసం గాలి-పెట్రోలు పాళ్లను అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌ను విడిగా పెట్టుకోక తప్పలేదు. నిలకడ వేగంలో మాత్రం ఈ నెమ్మదితనం నాకు అడ్డు కాలేదు. నిమిషానికి 3,500 చుట్లు దాటని ఇంజను ఇది, అంత తొందరలో మా ఇద్దరిలో ఎవరమూ లేము.

ఇందులో చూడాల్సిన అంకె ఒకటుంది, బీఎల్‌ఎం అంటారు. 128 ఉంటే చిప్పులోని లెక్క సరిపోయినట్టు. ఎక్కువైతే కంప్యూటర్ పెట్రోలు కలుపుతోంది, తక్కువైతే తగ్గిస్తోంది. 2020 లాక్‌డౌన్‌లో ఈ అంకె నన్ను నాలుగు నెలలు ఆడించింది. ఐడ్లింగ్‌లో 150 దాటేది. పెట్రోలు చాలడం లేదనుకుని చిప్పు తర్వాత చిప్పు రాశాను, ప్రతిదానిలో కాస్త కాస్త పెంచుతూ. అంకె దిగలేదు. వైడ్‌బ్యాండ్ కూడా కంప్యూటర్‌కే వత్తాసు పలికింది. ఆంక్షలు సడలాక మా పాత మెకానిక్ వచ్చి, ల్యాప్‌టాప్ వైపు చూడనైనా చూడకుండా ప్లగ్గులు విప్పారు. అన్నీ మసి.

“సార్, మీ కంప్యూటర్ ఆకలి అంటోంది, ప్లగ్గులు అజీర్తి అంటున్నాయి. నేను ప్లగ్గుల మాట నమ్ముతాను” అన్నారు.

చల్లని ఇంజను స్టార్ట్ చేసి, పొగ గొట్టం అతుకుల వెంట అగరబత్తి పట్టుకుని తిరిగారు. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర పొగ పక్కకు చెదిరింది. అక్కడి సందులోంచి బయటి గాలి లోపలికి పోయి రెండు సెన్సర్లనూ మోసం చేస్తోంది. గాలిని చూసి పెట్రోలు తక్కువైందని అవి చెప్పాయి, నేను నమ్మాను. గాస్కెట్ మార్చి, నాలుగు నెలల కిందటి చిప్పు పెడితే బీఎల్‌ఎం 127. ఆ నాలుగు నెలల ఫైళ్లు ఇప్పటికీ చెరిపేయలేదు, “తెలివి” అనే పేరుతో ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి.

ఆ తర్వాత నిజంగా లెక్క మార్చాల్సి వచ్చింది ఇథనాల్ వల్ల. బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు మామూలైపోయాక నిలకడ వేగంలో బీఎల్‌ఎం అన్ని చోట్లా ఒకే తీరున 133, 134కు ఎక్కి కూర్చుంది. ఈసారి ముందు గాస్కెట్లు చూశాను, బాగానే ఉన్నాయి. పది శాతం ఇథనాల్ పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక వంతుకు దాదాపు 14.1 వంతుల గాలి కావాలి, ఇరవై శాతానికి 13.5 చాలు. తేడా నాలుగు శాతం, అంకె కూడా అంతే కదిలింది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో లెక్కకు మూలమైన బేస్ పల్స్ విలువను నాలుగు శాతం పెంచితే అంతా 128 దగ్గరికి తిరిగొచ్చింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఈ కంప్యూటర్ సెన్సర్ మాట వినదు కాబట్టి, ఇది చేయకపోతే ఉదయం పూట దగ్గులు తప్పవు. పాత రబ్బరు గొట్టాలన్నీ కూడా మార్చాను.

హార్సిలీ హిల్స్‌కు రెండుసార్లు వెళ్లాను. 1,200 మీటర్లకు పైన కార్బ్యురేటర్ ఉన్నప్పుడు నల్లపొగ కక్కిన బండి ఇప్పుడు గాలి ఒత్తిడి సెన్సర్ చూసుకుని తనంత తానే తగ్గించుకుంటోంది. మైలేజీ ఆరున్నర నుంచి ఎనిమిదికి వచ్చింది. మేలో టవర్ క్లాక్ దగ్గర టీ తాగి తాళం తిప్పితే వెంటనే పలుకుతోంది.

తనంత తానే నేర్చుకునే కొత్త కిట్లు వచ్చాయి కదా, ఇదెందుకని మా అబ్బాయి అడుగుతాడు. డబ్బుంటే, ఓపిక లేకపోతే అవే కొనుక్కోవడం మంచిది. వింటేజ్ ప్రదర్శనల్లో బహుమతి ఆశించేవారు మాత్రం రెండింటి జోలికీ పోకూడదు. నా కార్బ్యురేటర్‌ను నూనె గుడ్డలో చుట్టి తాతగారి ఇనప్పెట్టెలో దాచాను, రెండు గంటల్లో మళ్లీ బిగించవచ్చు.

ప్రస్తుతం కంప్యూటర్‌లో ఉన్నది 61వ చిప్పు. డిసెంబరు ఉదయాల్లో స్టార్ట్ కాగానే ఒక్కసారి తుమ్ముతోంది. 62వది రాసి బల్ల మీద పెట్టాను, పెట్టేముందు అగరబత్తి కూడా.