అచ్చంపేట దారిలో మోదుగు పూలు: చెట్లు చూడండి, ఆ లాడ్జి వద్దు

ముందు లాడ్జి సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం తగ్గేలా లేదు. ఫోన్‌లో అడిగితే ఏసీ లేని రూం 900 అన్నారు. శనివారం రాత్రి ఎనిమిదింటికి అచ్చంపేటలో దిగేసరికి కౌంటర్‌లో అబ్బాయి 1,400 అన్నాడు. "వీకెండ్ రేటు వేరే మేడం" అట. ఆ ముక్క ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటే జవాబు లేదు. దేవరకొండ నుంచి కారులో కూర్చుని వచ్చిన అత్తమ్మకు నడుం పట్టేసింది. ఆమె మెట్ల మీదే కూలబడింది. ఇంకో చోటు వెతికే ఓపిక లేక కట్టేశాం. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు. మార్చమంటే తెచ్చింది ఇంకా తడి ఆరలేదు. వేడినీళ్లు బకెట్‌కు 30 రూపాయలు. బిల్లు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. మా ఆయన రాత్రంతా అదే టెన్షన్‌తో దొర్లాడు. అత్తమ్మ "ఇంట్ల పండుకుంటే అయిపోవు గదా" అని గోడవైపు తిరిగింది. రూం కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. రేటు వాట్సాప్‌లో రాయించుకోండి.

ఈ ప్రయాణం అత్తమ్మ కోసమే పెట్టుకున్నాం. టోక్యోలో ఉండే ఆడపడుచు కూతురు చెర్రీ పూల వీడియో పంపింది. అక్కడ మార్చి చివర్లో పూసి, నిండుగా విచ్చిన వారానికల్లా రాలిపోతాయట. జనం చెట్ల కింద చాపలేసుకుని తింటారట. అత్తమ్మ నాలుగుసార్లు చూసి, "మా దిక్కు మోదుగు పూస్తే అడివంత అంటుకున్నట్టు ఉంటుండె బిడ్డా" అంది. ఆమె పుట్టిల్లు అమ్రాబాద్ వైపు. మోదుగు పూసే కాలంలో అటు వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. హోలీ ఇంకో నాలుగు రోజులుందనగా బయల్దేరాం.

ఆదివారం పొద్దున ఆరున్నరకు మన్ననూరు దారి పట్టాం. ఊరు ఇంకా రాకముందే, గుట్ట వాలులో కనబడ్డాయి. ఆకు ఒక్కటి లేదు. వంకర కొమ్మల నిండా పూలే, చిలుక ముక్కులాంటి రేకులు, కింద నల్లటి మఖమల్ తొడిమలు. తేనె కోసం గోరువంకలు ఒకటే కొట్లాట. వాసన లేదు, ఆ లోటు నాకు అనిపించలేదు. కారు ఆగీ ఆగకముందే అత్తమ్మ దిగింది. రాత్రి మెట్లెక్కలేని మనిషి చేను గట్టు మీద మా కంటే ముందు నడిచింది. చిన్నప్పుడు మోదుగాకులు పుల్లలతో కుట్టి ఇస్తార్లు చేసేదట. పూలు నానబెట్టి, ఉడకబెట్టి హోలీ రంగు చేసేవాళ్లట. మేం చెట్టుకున్నవి తెంపలేదు, గట్టు మీద రాలినవే తువ్వాల్లో ఏరుకున్నాం. రెండు గంటలు ఆ చెట్టు కిందే కూర్చున్నాం. మా ఆయన కూడా లాడ్జి ఊసెత్తలేదు.

ఉమామహేశ్వరంలో దర్శనం పది నిమిషాల్లో అయింది.

తిరుగుదారిలో వేపచెట్టు కింద కట్టెల పొయ్యి మీద ఒకామె జొన్న రొట్టెలు చేస్తోంది. రొట్టె 20 రూపాయలు. పల్లీల తొక్కు, పుంటికూర పప్పు అడిగినంత వేసింది. ముగ్గురం ఎనిమిది తిన్నాం, 160 అయింది. మజ్జిగకు పైసలు తీసుకోలేదు. "పెద్దామె తాగింది, దానికేంది" అంది. రాత్రి ఆ అబ్బాయి నీళ్లకు కూడా 30 గుంజాడు.

మోదుగు చూడాలంటే హోలీకి అటూ ఇటూ వెళ్లండి, ఉగాది దాటితే చాలా చెట్లు రాల్చేస్తాయి. పొద్దున తొమ్మిదిలోపు చూడాలి, తర్వాత ఎండకు నిలబడలేరు. శ్రీశైలం దాకా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు. నన్నడిగితే లాడ్జి మానేసి దేవరకొండ నుంచి తెల్లారుజామున బయల్దేరడమే మేలు. మాకు డీజిల్ 1,300 అయింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ పూలన్నీ బకెట్‌లో నానబోసింది. పొద్దునకు నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. ఆ ఫోటో మనవరాలికి తనే పంపింది.